మూడు వారాల విదేశీ చదువు మనకెందుకు అందదు?



పూర్వ విద్యార్థుల తరఫున మేము ఈ సంచికలో రాసే నాలుగు మాటలు మామూలుగా క్రమశిక్షణ మీదో, ఇంగ్లీషు అంటే ఉండే భయం మీదో, పోటీ పరీక్షల మీదో ఉంటాయి. ఈసారి అవన్నీ పక్కనపెట్టి ఒక కోరిక గురించి రాస్తున్నాం. చదివినవాళ్లలో కొందరు నవ్వుకోవచ్చు. "హాస్టళ్లలో బాత్‌రూములకు తలుపుల్లేవు మహాప్రభో అంటుంటే వీళ్లు విమానాల గురించి మాట్లాడుతున్నారేమిట్రా" అనుకోవచ్చు. ఆ మాటకు కూడా సమాధానం ఇందులోనే చెబుతాం, కాస్త ఓపిక పట్టండి.

పరీక్షలు దగ్గరపడే రోజుల్లో అమలాపురం నుంచి కాకినాడ దాకా బస్సులో వెళ్లి చూడండి. ప్రైవేటు కాలేజీల ఫ్లెక్సీల మీద "ఇంటర్నేషనల్ స్టడీ టూర్" అనీ, "గ్లోబల్ ఇమ్మర్షన్" అనీ కనిపిస్తాయి. సంగతేమిటంటే, డిగ్రీయో ఇంజినీరింగో చదివే పిల్లల్ని రెండు మూడు వారాలు, మహా అయితే రెండు నెలలు సింగపూరో దుబాయో లండనో తీసుకెళతారు. పొద్దున పూట అక్కడి కాలేజీలో క్లాసులు. మధ్యాహ్నం ఓ ఫ్యాక్టరీ, ఓ ఓడరేవు, ఓ మార్కెట్టు చూపిస్తారు. ఆదివారాలు మ్యూజియంలు, గుళ్లు, చర్చిలు. ఆ దేశంలో మనుషులు ఎలా బతుకుతున్నారు, వ్యాపారం ఎలా నడుపుతున్నారు అన్నది చూసి, చివర్లో ఒక నివేదిక రాసి, సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికొస్తారు. బాబాసాహెబ్ చదివిన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో 1989 నుంచి వేసవి పాఠశాల నడుస్తోంది. మూడు వారాలకు ఒక విడత. ఆ ఒక్క విడతకు ఫీజే మన రూపాయల్లో రెండు లక్షలు దాటుతుంది. విమానం, బస, తిండి వేరే.

ఇటువంటి చదువుకు మన హాస్టలు నుంచి ఇంతవరకు ఒక్కరూ వెళ్లలేదు. మార్కులు లేక కాదు. వాళ్లను పంపేందుకు ఏ ఖాతాలోనూ డబ్బు కేటాయింపు లేదు. ఉండాలనేదే మా వాదన.

అసలు విదేశం మనకు కొత్తా? మన పేటల్లో ఏ ఇంటి తలుపు తట్టినా ఒక పాస్‌పోర్టు ఉంటుంది. యానాం దాటి కాకినాడ రోడ్డు మీద వచ్చే కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 తుఫాను దాన్ని దెబ్బతీయక ముందు అక్కడి నుంచి ఓడలు సముద్రం దాటి ఎక్కడెక్కడికో వెళ్లేవి. ఆ రేవు పేరు మీదనే బర్మాలోనూ, మారిషస్‌లోనూ తెలుగు కూలీలను "కోరంగీలు" అని పిలిచారు. తర్వాత కాకినాడ నుంచి స్టీమర్లు నడిచాయి. మన తాతల తరం రంగూన్‌ను "రంగం" అనేది. రంగం పోయి రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో కూలి కోసం సమ్మె కట్టిన తెలుగు కార్మికుల మీద దాడులు జరిగి ఎంతోమంది చనిపోయారు. 1942లో జపాను సేనలు వచ్చిపడితే అడవుల వెంట, కొండల వెంట కాలినడకన తిరిగొచ్చారు. దారిలోనే పోయినవాళ్లకు లెక్కలేదు. వాళ్లూ విదేశం చూశారు, అక్కడి సంస్కృతీ చూశారు, వ్యాపారమూ చూశారు. అయితే చూసింది మూట కింది నుంచి.

ఆ తర్వాత గల్ఫ్. దీని గురించి మీకు మేం కొత్తగా చెప్పేదేముంది? ఈ సంచిక చదువుతున్నవాళ్లలో కొందరి అమ్మలు ఈ క్షణాన కువైట్‌లోనో మస్కట్‌లోనో ఎవరి వంటింట్లోనో ఉన్నారు. 20 నెంబరు వీసా అంటే ఏమిటో, ఖద్దామా అంటే ఏమిటో, కఫీల్ పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకుంటే ఏమవుతుందో మన ఊళ్లలో చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఒక్కసారి ఆలోచించండి. బడి మెట్లెక్కని మనిషి ఆరు నెలల్లో అరబీ మాట్లాడటం నేర్చుకుంటుంది. పదిమంది ఉన్న ఇంటికి మజ్బూస్ వండిపెడుతుంది. రంజాన్ నెలలో ఏ వేళకు ఏం కావాలో, బాబాకు ఎప్పుడు కోపం వస్తుందో, మామా ఏ మాటకు మెత్తబడుతుందో అంతా ఆమెకు తెలుసు. దినార్ ఎంతకు పెరిగిందో చూసుకుని ఇంటికి డబ్బు పంపుతుంది. మరో దేశపు సంస్కృతిని, డబ్బు లెక్కను ఇంత దగ్గరగా చదివినవాళ్లు ఏ బిజినెస్ స్కూల్లో ఉన్నారు? ఆమెకు మాత్రం సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వలేదు. నాలుగు గోడలు దాటి ఆ ఊరెలా ఉంటుందో చూసే వీలు కూడా చాలామందికి దొరకలేదు.

పదో తరగతి పాసవ్వని మనిషి పనికోసం కువైట్‌లాంటి దేశాలకు వెళ్లాలంటే పాస్‌పోర్టు మీద ప్రభుత్వం విడిగా అనుమతి ఇవ్వాలి. దాన్నే ఈసీఆర్ అంటారు. ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలనే నిబంధన కూడా ఉంది. పది పాసైనవాళ్ల పాస్‌పోర్టుకు ఆ పరిమితి ఉండదు. అంటే, ఈ హాస్టల్లో మీరు పది పాసైన రోజునే మీ అమ్మ పాస్‌పోర్టుకూ మీ పాస్‌పోర్టుకూ తేడా వచ్చేసింది. ఆ తేడాను మనం ఎందుకు వాడుకోవటం లేదన్నదే మా ప్రశ్న.

"ప్రభుత్వం విదేశీ విద్యకు సాయం చేస్తూనే ఉంది కదా" అంటారు. నిజమే, కాదనం. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1950ల నుంచి ఉంది. దేశం మొత్తానికి ఏటా 125 సీట్లు. రాష్ట్రం విడిపోకముందే అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి వచ్చింది. 2022లో జగనన్న విదేశీ విద్యాదీవెన అన్న పేరుతో వచ్చిన పథకంలో ఒక్కొక్కరికి గరిష్ఠంగా 1 కోటి 25 లక్షల దాకా ఇస్తామన్నారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేర్లు మారాయి, మొత్తాలు మారాయి. కానీ ఒకటి మాత్రం మారలేదు. ఈ పథకాలన్నీ ఎమ్మెస్, పీహెచ్‌డీ లాంటి పూర్తి డిగ్రీల కోసమే. ముందు డిగ్రీ పూర్తిచేయాలి, ఇంగ్లీషు పరీక్ష రాయాలి, పేరుమోసిన విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకోవాలి, ఆ తర్వాతే దరఖాస్తు. ఇన్ని మెట్లు ఎక్కగలిగేది ఎవరు? మన కులాల్లోనే రెండో తరం చదువుకున్నవాళ్లు, తండ్రి ఆఫీసరుగా ఉన్నవాళ్లు. వాళ్లకు రావద్దని మేము అనం. అయితే దింపు కార్మికుడి కొడుకు, ఒలుపు కార్మికురాలి కూతురు ఆ మెట్ల దగ్గరికి కూడా రాలేకపోతున్నారు. లండన్ ఎలా ఉంటుందో ఊహకు కూడా అందని పిల్లవాడు లండన్ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు రాయడు. ముందు చూడాలి, భయం పోవాలి, ఆ తర్వాత రాస్తాడు.

ఈ చిక్కు మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో కూడా కాలేజీ విద్యార్థుల్లో డబ్బున్నవాళ్లే విదేశీ చదువులకు వెళ్లి వస్తుండేవారు. అది గమనించి వాళ్ల పార్లమెంటు 2000లో ఒక చట్టం చేసి గిల్మన్ స్కాలర్‌షిప్ పెట్టింది. పేద విద్యార్థులకు ఇచ్చే పెల్ గ్రాంటు పొందేవాళ్లే దానికి అర్హులు. పూర్తి డిగ్రీకి కాదు, కొన్ని వారాల చదువుకు కూడా ఇస్తారు. 5000 డాలర్ల దాకా సాయం. అంత ధనిక దేశమే తన పేద పిల్లలకు మూడు నాలుగు వారాలు పరాయి దేశం చూపించాలని ఖజానా నుంచి ఖర్చు పెడుతుంటే, మనం అడగటానికి మొహమాటపడటం దేనికి? జపాను ప్రభుత్వం 2014లో మొదలుపెట్టిన సకురా కార్యక్రమం కింద మన దేశపు ప్రభుత్వ బడి పిల్లలు కొందరు పైసా ఖర్చు లేకుండా ఆ దేశం వెళ్లి వారం పదిరోజులు ఉండి వస్తున్నారు.

మన రాష్ట్రంలోనూ ఒక ఉదాహరణ ఉంది. 2023 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల నుంచి 10 మంది పిల్లలను న్యూయార్కులోని ఐక్యరాజ్య సమితికి పంపారు. రెండు వారాల యాత్ర. పేదింటి పిల్లలు, ఎక్కువమంది ఆడపిల్లలు. అంతకుముందు 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివే మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. పంపేవాళ్లుంటే మన పిల్లలు ఎంత ఎత్తుకైనా వెళతారని ఇంతకంటే రుజువు ఏం కావాలి? అయితే ఇవి ఒక్కసారి జరిగి పత్రికల్లో ఫొటో పడి అక్కడితో ఆగిపోయే పనులు కాకూడదు. హాస్టలుకు ప్లేటు, గ్లాసు, దుప్పటి ఎలా ఏటా వస్తాయో, ఇది కూడా ఏటా రావాలి.

బాబాసాహెబ్ ముచ్చట లేకుండా మన హాస్టలు సంచికలో విదేశీ చదువు గురించి రాయటం కుదరదు. 1913లో, 22 ఏళ్ల వయసులో, బరోడా సంస్థానం ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల వేతనంతో ఆయన న్యూయార్కు వెళ్లిన సంగతి మీరు పాఠాల్లో చదివారు. 1916లో లండన్ చేరారు. 1917లో గడువు అయిపోయి చదువు మధ్యలో వదిలి తిరిగి రావలసి వచ్చింది. బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండటానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు చెప్పుకుని తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆయన "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఈ సంగతి రాస్తూ, విదేశాల్లో గడిపిన ఏళ్లలో తాను అంటరానివాణ్నన్న స్పృహే మనసులోంచి చెరిగిపోయిందని, బరోడా స్టేషన్లో దిగాక మళ్లీ అది ఎదురైందని చెబుతారు. పరాయి దేశంలో ఆయనకు దొరికింది డిగ్రీలు మాత్రమే కాదన్నమాట.

అయితే చాలామంది గమనించని సంగతి ఇంకొకటి ఉంది. బాబాసాహెబ్ చిన్న యాత్రలు కూడా చేశారు. 1950లో బౌద్ధ మహాసభకు సింహళం వెళ్లారు. 1954లో రంగూన్ వెళ్లారు. 1956 నవంబరులో, చనిపోవటానికి కొద్ది రోజుల ముందు, కాఠ్మాండు వెళ్లారు. పుస్తకాల్లో చదివిన బౌద్ధం మనుషుల మధ్య ఎలా నడుస్తోందో కళ్లతో చూడాలనుకున్నారు. అంత చదివిన మనిషికే కొద్ది రోజులు వెళ్లి చూడటం అవసరమనిపించింది.

మన పిల్లలకు ఆ అవసరం ఎక్కడుంది అంటారా? మన ఊళ్లలో కొత్త మనిషి కనిపిస్తే మొదటి ప్రశ్న పేరు కాదు, ఇంటిపేరు. రెండో ప్రశ్న, "మీదే పేట?" జిల్లాకు బాబాసాహెబ్ పేరు పెట్టినందుకు 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడటం మనం చూశాం. ఈ గాలిలో పుట్టి పెరిగిన 19 ఏళ్ల పిల్లవాడికి, తన ఇంటిపేరు ఎవరికీ పట్టని ఊళ్లో 20 రోజులు తిరగటం ఎలా ఉంటుందో అనుభవంలోకి రావాలి. బల్ల ఈ చివర కూర్చోవాలా, ఆ చివర కూర్చోవాలా అన్న ఆలోచన లేకుండా భోజనం చేయటం ఎలా ఉంటుందో తెలియాలి. వెనక్కి వచ్చాక మనిషి నడకే మారిపోతుంది. కులం సముద్రం దాటలేదని కాదు సుమా. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ల మధ్య కూడా ఆ ప్రశ్న వినిపిస్తూనే ఉంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర పాలక మండలి కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేయవలసి వచ్చిందంటే అర్థం చేసుకోండి. ఆ సంగతి కూడా తెలుసుకుని వెళ్లటమే మంచిది.

ఇక ఎక్కడికి పంపాలి, ఏం నేర్పాలి అన్న మాట. లండన్, సింగపూర్ అనగానే కళ్లు మెరుస్తాయి గాని, మొదటి విడతకు మా సలహా శ్రీలంక. ఎందుకో చెబుతాం.

మనది కొబ్బరి సీమ. అంబాజీపేట మార్కెట్టు ధర మీద మన ఇళ్లల్లో పొయ్యి వెలుగుతుంది. గండేరా, గటగటా అంటూ కురిడీ కొబ్బరి రకాలు, ధరలు పేపర్లో పడతాయి. అవి చూసుకునేది షావుకారు. చెట్టెక్కి దింపేది, పార మీద ఒలిచేది మనవాళ్లు. కాయ లారీ ఎక్కి ఉత్తరాదికి వెళ్లిపోతుంది. డొక్కలో కొంత పీచు మిల్లుకు పోతుంది. పొట్టు కాలవ గట్ల మీద గుట్టలుగా పడి వానకు నానుతుంది. అదే పొట్టును శ్రీలంకలో కడిగి, ఆరబెట్టి, ఇటుకల్లా నొక్కి, సంచుల్లో నింపి యూరప్‌కు అమ్ముతున్నారు. అక్కడ మట్టికి బదులు అందులో టమాటా మొక్కలు పెంచుతారు. మనం పొయ్యిలో పెట్టే చిప్పను కాల్చి, నీళ్లు శుద్ధిచేసే కార్బన్‌గా మార్చి ఎగుమతి చేస్తున్నారు. లునువిల అనే ఊళ్లో 1929 నుంచి కొబ్బరి పరిశోధనా సంస్థ ఉంది. కొబ్బరి పండించే దేశాల్లో ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, భారత్ మొదటి వరుసలో ఉన్నాయి. పంటలో శ్రీలంక మనకంటే ఎంతో చిన్నది. అయినా కాయలోని ప్రతి ముక్కనూ ఎలా డబ్బు చేసుకుంటుందో అక్కడ చూడాలి.

ఒలుపు కార్మికురాలి కూతురు బీకాం చదువుతోంది అనుకోండి. ఆ అమ్మాయి మొదటి వారం మన అంబాజీపేటలోనే తిరగాలి. తెల్లవారుజామున మార్కెట్టులో నిలబడి, కాయ చెట్టు నుంచి లారీ దాకా వెళ్లేలోగా ఎన్ని చేతులు మారింది, ఒక్కో చేతిలో ఎంత మిగిలింది రాసుకోవాలి. ఉద్యాన పరిశోధనా కేంద్రంలో రెండు రోజులు కూర్చోవాలి. ఆ పుస్తకం పట్టుకుని రెండు వారాలు శ్రీలంక వెళ్లాలి. మిల్లులు, ఎగుమతిదారుల గోడౌన్లు, కొలంబో రేవు చూడాలి. కూలి ఎంతిస్తున్నారు, ఆడవాళ్లకు మగవాళ్లకు తేడా ఎంత, సంఘం ఉందా లేదా, బ్యాంకు అప్పు ఎవరికి దొరుకుతోంది అని అడగాలి. అక్కడివాళ్లకు కూడా ఇంగ్లీషు రెండో భాషే గనుక మన పిల్లల నోరు తొందరగా విప్పుకుంటుంది. మేము శ్రీలంక అనటానికి ఇది పెద్ద కారణం. సాయంత్రాలు అనురాధపురం, క్యాండీ చూడవచ్చు. 1815 దాకా క్యాండీని ఏలిన ఆఖరి రాజులు దక్షిణాది నాయక వంశీకులు. తెలుగు మాట్లాడే అహికుంటక అనే పాములవాళ్ల తెగ ఆ దేశంలో ఇప్పటికీ ఉంది. తిరిగొచ్చాక తన పేటలోనే, తన అమ్మతో పనిచేసేవాళ్ల ముందు నిలబడి చూసిందంతా తెలుగులో చెప్పాలి. మేము అనుకునే నివేదిక అది.

రొయ్యల సంగతీ ఇలాంటిదే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచగానే ఇక్కడ చెరువు గట్టు మీద కౌంటు ధర పడిపోయింది. మేతలు చల్లే కూలీకి పని తగ్గింది. వాషింగ్టన్‌లో సంతకం పెడితే మన గట్టు మీద కూలి ఎందుకు తగ్గుతుందో చెప్పగలిగే పిల్లలు పేటకు ఇద్దరైనా ఉండాలా వద్దా?

సమయం ఎక్కడిది అంటారేమో. 2020-21లో చేరిన బ్యాచి నుంచి మన రాష్ట్రంలో మూడేళ్ల డిగ్రీకి 10 నెలల ఇంటర్న్‌షిప్ పెట్టారు. అందులో రెండో ఏడాది తర్వాత వేసవిలో 2 నెలలు వస్తాయి. నిజం చెప్పుకోవాలంటే ఆ రెండు నెలల్ని చాలామంది ఎక్కడో డబ్బు కట్టి సర్టిఫికెట్ కొనుక్కుని సరిపెడుతున్నారు. ఆ రెండు నెలల్లో మూడు వారాలు ఈ పనికి ఇస్తే కొత్తగా ఏ చట్టమూ చేయనక్కర్లేదు. డబ్బు సంగతికొస్తే, 2013లో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది. 2023లో మరో పదేళ్లు పొడిగించారు. చెన్నై నుంచి కొలంబో గంటన్నర ప్రయాణం. టికెట్టు, బస, భోజనం, వీసా, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఒక విద్యార్థికి లక్ష రూపాయలు మించదని మా అంచనా. ఒక్క పూర్తి డిగ్రీకి పెట్టిన 1 కోటి 25 లక్షల పరిమితితో పోల్చి చూడండి. ఆ ఒక్కరి డబ్బుతో 125 మంది వెళ్లి రావచ్చు. డిగ్రీ పథకాలు ఆపమని కాదు, దీన్ని వాటి పక్కన పెట్టమని.

ఇప్పుడు బాత్‌రూముల మాట. తలుపు పెట్టించటం, మెస్ చార్జీలు పెంచటం ప్రభుత్వం ఎటూ చేయవలసిన పని. ధరలు పెరిగినప్పుడల్లా అడగాలి, అడుగుతూనే ఉంటాం. కానీ మనకు ఏదైనా కొంచెం మంచిది కావాలన్నప్పుడల్లా "ముందు తలుపు పెట్టించుకోండి" అనటం పాత అలవాటు. తలుపు పేరు చెప్పి కంప్యూటరు ఆపారు, కంప్యూటరు పేరు చెప్పి ఇంగ్లీషు టీచర్ను ఆపారు. ఇలాంటి కోర్సుకు పిల్లల్ని పంపే ఖరీదైన కాలేజీలో తలుపు ముందా, విమానం ముందా అని ఎవరూ అడగరు. రెండూ ఉంటాయి. మనకూ రెండూ కావాలి.

మా పాత మిత్రుల్లోనే ఒకరు ఇంకో అభ్యంతరం చెప్పారు. ఆయన పన్నెండేళ్లు దుబాయ్‌లో చేసి వచ్చినవారు. "రెండు వారాల్లో ఏం నేర్చుకుంటార్రా, నాకు దారులు తెలియటానికే ఏడాది పట్టింది" అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది. ముందు తయారీ లేకుండా పంపితే రెండు వారాలు సెల్ఫీలకే సరిపోతాయి. అందుకే ఎంపిక ముందు, ఆర్నెల్ల తయారీ తర్వాత, ప్రయాణం చివర అంటున్నాం. ఎంపికలో ఇంగ్లీషు మార్కులకు పెద్దపీట వేయకూడదు. ఇంటర్వ్యూ తెలుగులో జరగాలి. సగం మంది ఆడపిల్లలు ఉండాలి. పాత విద్యార్థుల్లో ఇద్దరు, టీచర్లలో ఒకరు కమిటీలో ఉంటే సిఫారసులు కాస్త తగ్గుతాయి. పూర్తిగా పోతాయని చెప్పం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈలోగా మీరు జాగ్రత్తపడవలసిన విషయం ఒకటుంది. "మీరు అంతర్జాతీయ యువ సదస్సుకు ఎంపికయ్యారు" అంటూ ఫోన్లకు, మెయిళ్లకు సందేశాలు వస్తున్నాయి. మన పాత విద్యార్థి ఒకరికి అలాగే వచ్చింది. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాడు. తర్వాత చూస్తే దరఖాస్తు చేసిన ప్రతివారూ ఎంపికైనవారే, ఖర్చంతా ఎవరిది వారిదే. మూడు రోజులు హోటల్లో కూర్చోబెట్టి ఒక కాగితం ఇస్తారట. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. నిజమైన స్కాలర్‌షిప్ మీ దగ్గర ముందుగా డబ్బు అడగదు. విశ్వవిద్యాలయం పేరు పెద్దదిగా వేసి, కింద చిన్న అక్షరాల్లో టూరిస్టు ఏజెన్సీ పేరు ఉంటే అక్కడే ఆగండి. కోర్సుకు క్రెడిట్లు ఇస్తారా, మీ కాలేజీ వాటిని లెక్కలోకి తీసుకుంటుందా అని రాతపూర్వకంగా అడగండి. మాకు చూపించకుండా ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.

మన చేతిలో ఉన్న పని ఒకటి ఈ ఏడాది నుంచే మొదలుపెడుతున్నాం. ఏ అవకాశం వచ్చినా మన పిల్లలు మొదట ఆగిపోయేది పాస్‌పోర్టు దగ్గర. ప్రకటన వచ్చాక దరఖాస్తు పెడితే గడువు దాటిపోతుంది. అందుకని ఈ హాస్టల్లో చదివి డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్న ప్రతివారికీ పాస్‌పోర్టు ఫీజు 1500 రూపాయలు పూర్వ విద్యార్థులం మేము కడతాం. పోలీసు విచారణకు వచ్చినప్పుడు మాలో ఒకరు పక్కన ఉంటారు. మీరు తెచ్చుకోవలసినవి పదో తరగతి మార్కుల జాబితా, ఆధార్, పుట్టిన తేదీ ధ్రువపత్రం. మూడింటిలోనూ పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. మనవాళ్ల కాగితాల్లో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి అక్షరంగా ఉంటుంది. బడిలో చేర్చినప్పుడు రాసిన పేరొకటి, బాప్తిస్మం పేరొకటి, ఆధార్ మీద పడ్డ పేరొకటి. వీటిని సరిచేయటానికే రెండు మూడు నెలలు పడుతుంది. ఇప్పటినుంచే మొదలుపెట్టండి.

అమ్మ గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఆమె పాస్‌పోర్టు నకలు కూడా తెచ్చుకోండి. దరఖాస్తులో తల్లి పేరు రాసే గడి ఉంటుంది. అందులో ఆమె పాస్‌పోర్టు మీద ఉన్నట్టే రాస్తే తర్వాత చిక్కులు రావు. ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున పది గంటలకు హాస్టలు వరండాలో మేము కూర్చుని దరఖాస్తులు నింపిపెడతాం. ముక్తేశ్వరం వైపు నుంచి వచ్చేవాళ్లు, కోటిపల్లి నుంచి పంటు మీద దాటి వచ్చేవాళ్లు కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు, మధ్యాహ్నం దాకా ఉంటాం.